పరగడుపున మింగిన బిళ్లలు

బొంబాయి నుంచి

ప్రేమగల అక్క లచ్చవ్వకు తమ్ముడు సాయిలు దండం పెట్టి రాస్తున్న ఉత్తరం.

నువ్వూ, పిల్లలూ, అత్తమ్మా బాగున్నారని తలుస్తాను. మిలిటరీ వాళ్లు మొగుళ్లపల్లికి ఇంకా వస్తున్నారా? బావ సంగతి ఏమున్నా ఉత్తరంలో రాయకు, విప్పి చదువుతున్నారట. ఇక్కడ మేమంతా క్షేమమని రాయడానికి నాకు చెయ్యి ఆడడం లేదు. అక్కా, మన బాపు పోయాడు. నేటికి పన్నెండు రోజులు. చదివి పెట్టేవాళ్లను సగంలో ఆపనియ్యకు. ఎంత ఏడుపొచ్చినా చివరిదాకా విను. ఇందులో నీ ప్రాణం సంగతి కూడా ఉంది.

బాపు కీళ్లవాతం నీకు తెలిసిందే. రజాకార్లు ఇల్లు కాల్చిననాడు ఘన్‌పూర్ స్టేషన్ దాకా నేనే వీపున మోసుకొచ్చాను. ఇక్కడి వానలకు ఆయన వేళ్ల కణుపులు రేగుపళ్లంత వాచాయి. అయినా మిల్లులో నూలు కండెలు చుట్టే పనికి పోయేవాడు. దవాఖానలో డాక్టరు తెల్ల బిళ్లలిచ్చి, పూటకు ఒక్కటే, అదీ అన్నం తిన్నాకే అని గట్టిగా చెప్పాడు. నాలుగు రోజుల్లో బాపు పిడికిలి మూయగలిగాడు. ఆ సంతోషంలోనే కొన్ని బిళ్లలు పొట్లం కట్టి, నీ మోకాళ్లకని ఊరికి వస్తున్న రేగొండ మల్లయ్యతో పంపాను. "నొప్పి లేస్తె ఏసుకొమ్మను" అని మాత్రమే అన్నాను. అన్నం మాట చెప్పలేదు.

తర్వాత వానలు ముదిరాయి. బాపు నాకు తెలియకుండా పూటకు మూడు మింగసాగాడు. అవి చాలక బజార్లో నొప్పుల పొడి కొని దానిమీద వేసుకున్నాడు. మొహం పాలిపోతుంటే అడిగాను.

"జర నీరసం, గంతే. గీ ఊరి నీళ్లు పడ్తలేవు" అన్నాడు.

కడుపులో మంటనీ, విరేచనం తారులాగా నల్లగా అవుతున్నదనీ దాచాడు. ఒకనాడు మధ్యాహ్నం కండెల మీదే రక్తం కక్కుకొని పడిపోయాడు. దవాఖానకు మోసుకుపోయాం. డాక్టరు ఆయన బొడ్డుసంచిలోని పొడి చూసి తల కొట్టుకున్నాడు. బిళ్లలో ఉన్న మందే పొడిలోనూ ఉందట. రెండూ కలిసి ఖాళీ కడుపులో పుండు చేశాయి. ఆ నలుపంతా రక్తమేనట.

"తిన్నంక ఏసుకొమ్మన్నరు గద బాపూ, తినకపోతివా?" అని అడిగాను.

"రేషన్ బియ్యం ఎంతమందికి సరిపోతయిరా? కోడలు ఒట్టి మనిషి కాదు. మిల్లుకాడ రొట్టె తిన్ననని చెప్పి నా బువ్వ దానికే పెట్టిన."

"నాకన్న చెప్తే ఏమాయె?"

"చెప్తే పని మాన్పిస్తవు" అని అటు తిరిగి పడుకున్నాడు.

మూడోనాడు పొద్దెక్కేవేళకు ప్రాణం పోయింది. నీ పేరు రెండుసార్లు పిలిచాడు. ఠాణా జాబితాలో నా పేరుండగా బాపును ఊరికి తేలేకపోయాను. బూడిద సముద్రంలో కలిపాను. కడసారి చూపు నీకు లేకుండా చేశాను, నన్ను మన్నించు.

అక్కా, ఇప్పుడా పొట్లం సంగతి. వరంగల్ దవాఖానలో డాక్టరు చూసేదాకా ఒక్క బిళ్ల కూడా వేసుకోకు. పొట్లం వెంట తీసుకుపోయి చూపించు. ఇంకేం మందులు, పొడులు వాడుతున్నావో అన్నీ చెప్పు. ఆయన వేసుకోమంటే చెప్పినన్నే, కడుపునిండా తిన్నాకే, నిండు గ్లాసెడు నీళ్లతో వేసుకో. తిండి లేని పూట మందూ లేదు. నొప్పికైనా జ్వరానికైనా వేరేది దానిమీద కలపకు. కడుపు మండినా, చెవుల్లో హోరు వినిపించినా, విరేచనం నల్లగా అయినా ఆపేసి అదే రోజు దవాఖానకు బయలుదేరు, సిగ్గుపడి దాచకు. పిల్లలకు అందనియ్యకు. అత్తమ్మకూ నొప్పులేనని పంచిపెట్టకు. ఈసరికే ఎన్ని మింగావో వెంటనే రాయించు. నీ జవాబు వచ్చేదాకా నాకు ముద్ద దిగదు.

ఒక్క మాట. రాజవ్వకు ఎనిమిదో నెల. తాను తిన్న అన్నం ఎవరిదో ఆమెకు తెలియదు. నీ జవాబు వస్తే పక్కింటివాళ్లతో చదివించుకుంటుంది. అందులో ఆ ముచ్చట రానియ్యకు. పిల్ల కడుపునిండా తిననీ.

అత్తమ్మకు నా దండాలు, పిల్లలకు ముద్దులు. నువ్వు పైలం.

నీ దీవెన తప్ప ఇక పెద్దదిక్కు లేని తమ్ముడు,
సాయిలు