గోధుమరంగు చుక్క

సరోజా,

చివరి రోజు నువ్వు అరకప్పు గంజి తాగావు. కిటికీ తెర తీయమన్నావు. మధ్యాహ్నం నీ చెల్లెలు సునీత కాళ్లు ఒత్తుతుండగా ఊపిరి ఆగింది.

ఈరోజు నేరేడ్‌మెట్ ఇంట్లో నీ జ్ఞాపకార్థ కూడిక జరిగింది. "అంతా దేవుని చిత్తం," అన్నారు పాస్టరుగారు. నేను లేచి వరండాలోకి వెళ్లిపోయాను. నీ చెంప మీది గడ్డను కోసిన డాక్టరు, కొవ్వే అంటూ దాన్ని బకెట్లో పారేయడం దేవుని చిత్తమా? అది మెడలో మళ్లీ లేచాక గానీ ముక్కను ల్యాబ్‌కు పంపలేదు. అక్కడ క్యాన్సర్ రకాన్ని పట్టిచ్చే మార్కర్ రంగులు వేస్తే కణం కణంలో గోధుమరంగు చుక్క తేలింది. మెర్కెల్ సెల్ క్యాన్సర్, అరుదైన చర్మ క్యాన్సర్ అన్నారు. అప్పటికే ఆలస్యమైంది. మొదటి గడ్డలోనూ ఆ చుక్క ఉండే ఉంటుంది. ఎవరూ చూడలేదు.

నా వెనకే సునీత వచ్చింది. నుదుటి మీద ప్లాస్టర్. నిన్న గడ్డ తీయించుకుందట.

"ఆ ముక్క ఏది?"

"నేనడిగితే మందునీళ్ల సీసాల ఏసిచ్చిండ్రు బావా. ఇంట్ల ఉంది. కొవ్వేనట, టెస్టు ఎందుకన్నడు డాక్టర్."

"మీ అక్కకూ ఇదే చెప్పారు."

"నువ్వు ఊకె పరేషాన్ అయితవ్. మా ఆయన సుత నవ్వుతుండు."

"నవ్వనీ! ముందు ఆ సీసా తెచ్చియ్యి!"

అరిచాను. లోపల పాట ఆగిపోయింది. నా అరుపు నీకు నచ్చదని తెలుసు. అయినా ఎవరికీ క్షమాపణ చెప్పలేదు.

సాయంత్రం సునీత యాప్రాల్‌లోని తన ఇంటికి వెళ్లి సీసా తెచ్చింది. రేపు పొద్దున ల్యాబ్ తెరిచేసరికి దాంతో అక్కడ ఉంటాను. అవసరమైతే మార్కర్ రంగులన్నీ వేసి చూస్తామని వాళ్లు ఒప్పుకునేదాకా కదలను.