వీరభద్రరావు రెండుసార్లు తట్టాడు

మిషిగన్ రాష్ట్రం, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉంటున్న రిటైర్డ్ ఇంజనీరు శేషగిరి అనే నేను, వయసు అరవై తొమ్మిది, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో రాస్తున్న వీలునామా ఇది. పాతవన్నీ రద్దు. బుర్ర బాగానే ఉంది, కుదురే లేదు. బుధవారం గుండె ఆపరేషన్. ఈ పేజీ మొదలుపెట్టాక నాలుగుసార్లు లేచి గరాజ్‌లోకి వెళ్లొచ్చాను.

1. దీన్ని అమలు చేసే బాధ్యత మా అమ్మాయి నమ్రతది. మా ఇంట్లో కాగితం పూర్తిగా చదివి సంతకం పెట్టేది అదొక్కతే.

2. కింద విడిగా చెప్పినవి తప్ప ఇల్లు, నా స్థిరచరాస్తులన్నీ నా భార్య ఉమామహేశ్వరికి. గరాజ్ మొత్తం ఆమెదేనని విడిగా రాస్తున్నాను. నా పాత కారు లోపల వెచ్చగా ఉంటే, ఆవిడ కారు పంతొమ్మిది చలికాలాలు బయట మంచులో ఉంది. రోజూ అద్దం మీద ఐసు గీక్కుని ఆఫీస్‌కి వెళ్లింది. ఒక్కరోజైనా నేను గీకలేదు. సిగ్గుగా ఉంది.

3. పానాల సెట్టు వాషింగ్టన్ రాష్ట్రం బాతెల్‌లో ఉన్న మా అబ్బాయి రాజీవ్‌కి. పాత కారుని మ్యూజియంకి ఇచ్చెయ్యమని ఏటా ఈమెయిల్ పెడతాడు. ఆ మాట మళ్లీ ఎత్తితే పానాలు కూడా దక్కవు.

4. 1911 నాటి నా రెండు సీట్ల రేసు కారు, మిత్రుడు వీరభద్రరావుకి. ఎందుకో చెప్పాలి. ఆ కాలంలో చాలా రేసులు జనం తిరిగే రోడ్ల మీదే జరిగేవి. డ్రైవరు పక్కన మెకానిక్ కూర్చుని చేత్తో ఆయిల్ పంపు కొట్టేవాడు, వెనక్కి చూస్తుండేవాడు. ఇంజను గోలలో మాట వినపడదు కాబట్టి భుజం తట్టి చెప్పాలి. ఒకసారి తడితే వెనక కారు ఉందని, రెండుసార్లు తడితే స్లో చెయ్యమని మా ఇద్దరి లెక్క. పదేళ్లు వీరభద్రం ఆ సీట్లో కూర్చున్నాడు.

2006లో ఇల్లినాయ్‌లోని ఎల్జిన్‌కి వెళ్లాం. పాత రేసు దారి మీద పాత కార్లన్నీ సరదాగా తిప్పుతున్నారు. నాకు మాత్రం ముందున్న కారుని దాటెయ్యాలని ఒకటే తహతహ. మలుపులో కారు కాలవలో పడింది. వీరభద్రానికి భుజం ఎముక విరిగింది. అతను ఫొటోలు తీసుకుంటూ నన్ను తట్టలేదని ఊళ్లో తెలుగువాళ్లందరికీ చెప్పాను. పార్టీల్లో అతన్ని చూసి నవ్వారు. అతను నాతో మాట మానేసి ఎనిమిదేళ్లయింది.

అతను రెండుసార్లు గట్టిగా తట్టాడు. నాకు తెలిసింది, అయినా స్లో చెయ్యలేదు. నేను చెప్పింది అబద్ధం. ఈ మాట నా తర్వాత నమ్రత అందరి ముందూ పైకి చదవాలి.

5. ఇంత రాశాక చచ్చేదాకా ఆగడం నా వల్ల కావడం లేదు. పోయినవాణ్ణి అతను తిట్టుకోవడానికైనా వీలుండదు. అందుకని నాలుగో క్లాజులో కారు సంగతి కొట్టేస్తున్నాను, నిజం అలాగే ఉంటుంది. కారు ఇవాళే అతని పేర రాసేశాను. వీలునామాలో వాటా ఉన్నవాడు సాక్షి కాకపోతే మంచిదని లాయరు అన్నాడు. ఇప్పుడు అతనికి వాటా లేదు, సాక్షి సంతకం పెట్టొచ్చు. కాగితాలన్నీ పట్టుకుని, పక్కింటి వసుమతిగారిని వెంటబెట్టుకుని అతని ఇంటికి వెళ్తున్నాను. అక్కడే సంతకం చేస్తాను. అతను తలుపు తీస్తాడో లేదో తెలియదు.

అక్టోబరు 10, 2014
(సంతకం) శేషగిరి

సాక్షులు:
1. వసుమతి
2. వీరభద్రరావు. మొత్తం చదివాను. ఆ పేరా నమ్రత చదవక్కర్లేదు. ఆదివారం మా ఇంట్లో లంచ్‌కి ఊళ్లో మనవాళ్లందరూ వస్తున్నారు. ఉమని తీసుకుని రా. నువ్వే చదువు.