తువ్వాలు ఏనుగు

అక్కా,

నేను కులాసా. ఓడ ఎంత ఊగినా తిన్నది ఒంటపడుతోంది.

"అంత ఖరీదైన ఓడలో పిల్లలకేం పని? నీ కూతురసలే పిడుగు, నా దగ్గరే ఉండనీ" అని రాశావు. నేను పక్కలు సర్దే గదుల్లో దిగిన ఒక పెద్దావిడదీ ఇదే పాట. పక్కగది పిల్ల గోల చేస్తోందని రోజూ నా మీద ఒంటికాలిపై లేచేది. పిల్లలున్న గదుల్లో మేం తువ్వాలు మడిచి ఏనుగు చేసి మంచం మీద పెడతాం. నిన్న ఆవిడ అది చూసి, "నాకెందుకు పెట్టలేదు?" అని నిలదీసింది. "పిల్లలకేనండీ" అన్నాను. "అయితే నేనూ పిల్లనే అనుకో" అంది మూతి ముడుచుకుని. చేసిపెట్టాను. ఇవాళ ఉతకడానికి విప్పబోతే నా చెయ్యి పట్టుకుని ఆపేసింది!

అందుకే నువ్వేమన్నా సరే, మా సిబ్బంది పిల్లల్ని ఓడెక్కనిచ్చే ప్రయాణంలో నా వంతు వదులుకోను. వచ్చే నెల పిడుగుని తీసుకెళ్తాను. గోల చేస్తే చేయనీ. దాని స్వెట్టరు పొట్టయిందేమో తొడిగి చూడు. వంటింటి కుళాయి బాగుచేయించారా? బావగారి మోకాలు ఎలా ఉంది? ఆయనకి నా నమస్కారాలు.

ఇన్నాళ్లూ ఎవరెవరి పిల్లలకో ఏనుగులు చేశాను. ఈసారి చేసేది తనకేనని దానికి చెప్పు.

నీ చెల్లి