నలభై ఆరు కిలోలు

వరంగల్లు,
18-9-1979.

ప్రియమైన అన్నయ్య మల్లికార్జున్‌కు చెల్లెలు భారతి నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ బాపు, అమ్మ, బాపమ్మ క్షేమం. నేనైతే ఉండాల్సిన దానికంటే ఎక్కువ క్షేమంగా ఉన్నాను. ఆదిలాబాదులో నీ బ్యాంకు పని, హోటలు భోజనం బాగున్నాయని తలుస్తాను.

నువ్వు అడిగినవి ముందు చెప్తాను. బాపు మోకాలి నొప్పి తగ్గింది. దుకాణంలో మిర్చి ఘాటుకు అమ్మకు దగ్గు మళ్ళీ మొదలైంది. నువ్వు పంపిన కాన్వాసు బూట్లు సరిగ్గా సరిపోయాయి. "రోజూ గ్రౌండులో ఎన్ని రౌండ్లు కొడుతున్నావు?" అని అడిగావు. సున్నా అన్నా. జూన్ నుంచి గడప దాటలేదు. కాలేజీ కూడా మాన్పించారు. నీకు కోపం వస్తుందని ఎవరూ రాయలేదు, నన్నూ రాయనివ్వలేదు. ఈ ఉత్తరం నన్ను చూడ్డానికొచ్చే మా డ్రిల్లు మేడం పద్మగారి చేతికిచ్చి డబ్బాలో వేయిస్తున్నాను.

జూన్ మొదట్లో ఎనిమిది వందల మీటర్ల పరుగులో ఫస్టు వచ్చి కప్పు తెచ్చాను. బాపు కప్పు చూడలేదు, నా మెడ ఎముకలు చూశాడు. చిన్నత్తయ్య క్షయతో పోయేముందు ఇట్లాగే చిక్కిపోయిందట. డాక్టరు ఎక్స్‌రే తీయించి, ఏ జబ్బూ లేదని, పరుగెత్తే పిల్లల ఒళ్ళు సన్నగా గట్టిగా ఉంటుందని చెప్పాడు. బాపు వింటేనా! "ఎక్స్‌రేల బొక్కలే కనవడ్డయ్. కండ ఏడ కనవడ్డది డాక్టర్ సాబ్?" అని ఆయన్నే దబాయించాడు.

అప్పుడు నలభై రెండు కిలోలున్నాను. నలభై ఆరు కాగానే గ్రౌండుకు పంపిస్తానని బాపు మాటిచ్చాడు. ఇక ప్రతి సోమవారం నన్ను ఇంటి ముందుగదిలోని మన దుకాణంలో బస్తాలు తూచే కాంటా ఎక్కించడం. అది కూడా బోణీ అయ్యాకే, ముందు ఆడపిల్లను తూస్తే బేరం సాగదని బాపమ్మ పట్టుబట్టింది. మిర్చి బస్తా దింపి నన్ను నిలబెట్టేవారు. చూసినవాళ్ళంతా నవ్వేవారు, హమాలీ రాజమల్లు మాత్రం నవ్వకుండా తల తిప్పుకునేవాడు. పాపం మంచివాడు. నెయ్యి, నువ్వుల ముద్దలు, మీగడ పాలు, ఏం పెట్టినా వారానికి పావుకిలో పెరిగితే గొప్ప.

అన్నా, ఇప్పుడు చెప్పేది ఎవరికీ చెప్పలేదు. తిట్టకు.

కిలోలు రాకముందు తాతయ్య వాడిన సేరు రాళ్ళు అటక మీద ఉన్నాయి కదా. వాటిని ఇప్పుడు ఎవరూ ముట్టరు. ముందు పావుసేరు రాయి, తర్వాత అరసేరు, చివరికి రెండు సేర్ల ఇనుము గుడ్డలో చుట్టి లంగా బొందుకు కట్టుకొని కాంటా ఎక్కాను. ఆగస్టులో నలభై ఆరు తూగాను. బాపు కళ్ళల్లో నీళ్ళు చూసి సిగ్గుతో చచ్చిపోయాను. ఆ వారమే పద్మ మేడం ఇంటికొచ్చి, ఈ నెల ముప్పైన హనుమకొండలో జిల్లా జట్టు సెలక్షన్లు ఉన్నాయని చెప్పింది.

బాపు ఏమన్నాడో తెలుసా? "ఇంట్ల కూసుంటేనే గింత మంచిగైంది మేడం. మల్ల ఉరికిచ్చి పాడు జేసుకుంటమా?"

మేడం నా వైపు చూసింది. రాళ్ళ సంగతి చెప్తే రోగం దాచుకున్నానంటారు, చెప్పకపోతే ఇంట్లో కూర్చోబెట్టడమే మందంటారు. నా ఉచ్చు నేనే పేనుకున్నాను అన్నా. ఆ రోజు నుంచి తూచడం మానేశారు.

నెల రోజులు తన్నుకులాడి నిన్న ధైర్యం చేశాను. రాళ్ళు బాపు ముందు పెట్టి, "ఇవీ మీ నెయ్యి చేసిన బరువు" అని చెప్పేద్దామనుకున్నాను. వాటిని వెనక సంచిలో ఉంచి, ఒట్టి ఒంటితో కాంటా ఎక్కి తూచమన్నాను.

నలభై ఆరు!

బాపు, "సూసినవా బిడ్డా, ఇంచు గూడ తగ్గలే!" అని మురిసిపోయాడు. కిలోలను ఇంచుల్లో కొలిచేంత సంతోషం ఆయనది. సంచి విప్పలేదు. ఇంక విప్పి ఏం చూపించను? మేడ మెట్లు పరుగున ఎక్కాను. పదో మెట్టు దగ్గర ఆయాసం వచ్చి గోడ పట్టుకున్నాను. తొడలు ముట్టుకుంటే మెత్తగా ఉన్నాయి. జూన్‌లో అవి నావి, ఇప్పుడెవరివో తెలియడం లేదు.

ఈ రోజు మధ్యాహ్నం భోజనమయ్యాక అమ్మ పక్కన ఊరికే నడుం వాల్చాను. లేచేసరికి దీపాలు పెట్టేశారు. చాలా హాయిగా ఉండింది అన్నా. పరుగు గుర్తుకే రాలేదు. అందుకే భయమేసి ఈ ఉత్తరం రాస్తున్నాను. నాకు ఇది అలవాటు కాకముందే వచ్చి తీసుకుపో.

ఇట్లు,
నీ చెల్లెలు
భారతి