కొలిమి ముందు గోనెపట్టా

కంకిపాడు,
12 ఆగస్టు 2025.

తమ్ముడు జాన్‌బాబుకు,

నీకంటే ఏడాది ముందు ఉస్తాద్ గారి కొలిమి ముందు కూర్చున్న మాణిక్యం నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నువ్వూ, మరదలూ, పిల్లలూ క్షేమమనీ, కొండపల్లి బొమ్మలవాళ్లు నీ ఉలుల కోసం నెలల తరబడి ఆగుతున్నారనీ విన్నాను. విన్న రోజు నాకు అన్నం సహించలేదు. ఉన్నమాట రాస్తున్నాను.

ఫోన్ చేయొచ్చుగా అంటావు. చేస్తే అన్నా, అన్నా అంటూ మెత్తగా మాట్లాడి నా నోరు కట్టేస్తావు. అందుకే ఉత్తరం.

మొన్న మన ఉస్తాద్ లాల్ అహ్మద్ గారి నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థనకు విజయవాడ వన్‌టౌన్‌లో ఆయన వీధంతా కత్తులు చేసేవాళ్లే. గుడివాడ నుంచి, బందరు నుంచి, తెనాలి నుంచి వచ్చారు. ఒకడికి సుత్తి పట్టడం దగ్గర్నుంచీ నేర్పారట. ఒకడికి సొంత కొట్టు పెట్టుకునేదాకా తన కొలిమే వాడుకోమన్నారట. ఎవరైనా చేపల కత్తి అడిగితే, నాకంటే స్టీఫెన్ బాగా చేస్తాడు, అక్కడికి వెళ్లండి అని పంపేసేవారట. వింటుంటే నాకు ఏడుపూ వచ్చింది, ఒళ్లూ మండింది. ఇంతమందికి పంచిపెడితే నాకేం మిగిలినట్టు?

అందరికంటే నీకే ఎక్కువ పెట్టారు. ఆ గోనెపట్టా గుర్తుందా? కత్తిని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచే వేళకు, కొలిమికీ వీధికీ మధ్య దాన్ని దించేసేవారు. లోపల ఆయన, నువ్వు. బయట గిరాకీతో నేను. మాణిక్యం, లోపలికి రారా అని పిలిచేవారు, కాదనను. నువ్వున్నావుగా, ఇంక నేనెందుకని అలిగి కూర్చునేవాణ్ణి. ఆ పట్టా వెనక నీ చెవిలో ఏ కిటుకు వేశారో నాకు ఈనాటికీ తెలియదు. ఆయన ఏదీ దాచుకోని మనిషని మొన్న అందరూ అన్నారు. దాచేది లేకపోతే పట్టా ఎందుకయ్యా?

నా కొట్టుకు అలాంటిదేం లేదు. సెంటర్లో, రోడ్డు పక్కన, ఎండలో, నలుగురూ చూస్తుండగానే కాలుస్తాను. ఇరవై రెండేళ్లలో నా కత్తి ఒక్కటి కూడా విరిగిందని తిరిగి రాలేదు. నీవి రెండు తిరిగొచ్చాయని నువ్వే చెప్పావు.

ఇక అసలు సంగతి. ఉస్తాద్ పిల్లలెవరికీ ఈ పని రాదు కాబట్టి, ఆయన కాల్చిన ఇనుము పెట్టి కొట్టే దాగలి దిమ్మను మనిద్దరిలో ఒకరు తీసుకెళ్లాలని వాళ్ల తల్లి సాలేహా అమ్మ అన్నారు కదా. నువ్వు వెంటనే, అన్న ఇష్టం అనేశావు. నీ మంచితనమే నాకు గిట్టదు. నువ్వు వదిలేస్తే నాకు దక్కిందని రేపు నలుగురూ అనకూడదు. ఆయన మొదటి శిష్యుణ్ణి నేను. అది నాది.

రేపు ఆటో మాట్లాడుకుని విజయవాడ వెళ్తున్నాను. దాగలి తెచ్చుకున్నాకే ఈ ఉత్తరం పోస్టులో వేస్తాను. ముందే వేస్తే నువ్వు మనసు మార్చుకుంటావేమో.

ఇట్లు,
లాల్ అహ్మద్ గారి మొదటి శిష్యుడు,
మాణిక్యం.

తా.క. వెళ్లాను. దాగలి వెనక ఒక మూట కనిపించింది. విప్పితే అన్నీ విరిగిన కత్తులు. పంతొమ్మిది. అన్నిటి మీదా పిడి దగ్గర నేను కొట్టే చేప గుర్తు.

సాలేహా అమ్మను అడిగాను. నా నోటికి జడిసి, నా గిరాకీవాళ్లు వాటిని తిన్నగా ఆయన దగ్గరికి తెచ్చేవారట. కొట్టు బోర్డు మీద ఆయన శిష్యుణ్ణని రాయించింది నేనే కదా. తప్పు వాడిది కాదు, నేర్పిన నాది అని చెప్పి, ఆయన తన కత్తి చేతిలో పెట్టి పంపేవారట. మాణిక్యానికి చెప్పకు, అలుగుతాడు అన్నారట.

విరిగినచోట వేలితో రాసి చూశాను. అన్నీ ఉప్పురవ్వలా గరుకుగా ఉన్నాయి. మితిమీరి కాల్చిన ఇనుము అలాగే విరుగుతుందని నీకు నేను చెప్పాలా? ఎండ వెలుగులో ఇనుము ఎంత ఎర్రబడిందో కంటికి ఆనదు. నీడ కావాలి. పట్టా అందుకు, జాన్‌బాబూ. నా నుంచి దాచడానికి కాదు.

మూట కట్టింది కూడా గోనెపట్టాతోనే. నేను కొట్టు తెరిచిన ఏడాది ఆయన దాన్ని సంచిలో పెట్టుకుని కంకిపాడు వచ్చారు. కొలిమి ముందు కట్టుకోమని ఆయన ఇంకా ఏదో చెప్పబోతుంటే, నేను దాచుకునేదేం లేదు ఉస్తాద్ అనేశాను. నవ్వి, టీ తాగి, మడిచి పట్టుకెళ్లారు. తర్వాత ఎప్పుడు ఆ మాట ఎత్తినా, నాకు తెలుసులెండి అనేవాణ్ణి.

నీకోసం ఎన్నిసార్లు తలవంచారో నాకు తెలియదు. నాకోసం పంతొమ్మిది సార్లు. ఆ ఒక్కదాంట్లో నేనే నీకంటే ముందున్నాను.

దాగలి అక్కడే వదిలేశాను. అది నీది, వచ్చి తీసుకెళ్లు. పట్టా మాత్రం తెచ్చుకున్నాను. ఆదివారం వీలైతే కంకిపాడు రా. మేకులు కొనిపెట్టాను. కట్టి, దించి, లోపలికి రమ్మని నన్ను పిలువు. ఈసారి వస్తాను.