ఉమ్మడి సంతకం

నా మొండి మనిషికి,

ఆరేళ్ళుగా ఉత్తరం ముక్క రాయనివాడికి ఇప్పుడేం పని పడిందా అనుకుంటావు. పనే పడింది. పన్ను పని.

నిన్న పన్నుల గుమాస్తా దగ్గరికి వెళ్ళాను. ముప్పై నాలుగేళ్ళు లిఫ్టులు బాగుచేసినవాణ్ణి, ఒక ఫారం నింపలేనా అని ముందు నేనే కుస్తీ పట్టాను. నా వల్ల కాలేదు. నా రిటైర్మెంట్ ఖాతాలో కొంత వేస్తే పన్ను తగ్గుతుందా అని ఆయన్ని అడిగాను. కళ్ళజోడు పైకి తోసుకుని, "ఉద్యోగం ఉందా?" అన్నాడు. రిటైరయ్యాను, పెన్షనొస్తోందన్నాను.

"పెన్షన్ జీతం కింద లెక్కకు రాదండీ. జీతం లేకపోతే ఆ ఖాతాలో వెయ్యడానికే లేదు, ఇంక తగ్గింపెక్కడిది?" అని, ఫారం తిరగేసి, "ఆవిడ ఉద్యోగం చేస్తున్నారా?" అన్నాడు.

ఆస్పత్రి లాండ్రీలో చేస్తోందన్నాను. అయితే నీ జీతం ఆధారంగా నా పేరున కూడా వెయ్యొచ్చట, తగ్గింపూ వస్తుందట. కాకపోతే ఈ దేశపు పద్ధతిలో మొగుడూ పెళ్ళాం ఇద్దరం కలిపి ఒకే రిటర్ను వెయ్యాలి, కింద ఇద్దరి సంతకాలూ ఉండాలి. "రేపు ఆవిణ్ణి తీసుకురండి" అన్నాడు, నువ్వేదో పక్కగదిలో ఉన్నట్టు. సరేనన్నాను. ఎందుకన్నానో తెలీదు.

ఇంట్లో నాతో మాట్లాడేది ప్రెషర్ కుక్కరొక్కటే. అదీ మూడుసార్లు అరిచి ఊరుకుంటుంది. ఏదైనా విప్పినప్పుడు ఫ్రిజ్ మీద పెట్టి మరిచిపోయే స్క్రూలు, తిట్టేవాళ్ళు లేక, అక్కడే కుప్పపడ్డాయి. ఒంటరిగా ఉంది. ఈ మాట రాయడానికి నాకు నాలుగు కాగితాలు పాడయ్యాయి.

మంచాన పడ్డ మీ అక్కయ్యను చూసుకోవడానికి వెళ్తానని నువ్వంటే, "వెళ్తే వెళ్ళు, నేను మాత్రం రమ్మని పిలవను" అన్నాను. మాట మీద నిలబడి ఏం బావుకున్నాను? ఆవిడ పోయినప్పుడు కూడా రాలేదని నీ మనసులో ఉండే ఉంటుంది. వచ్చాను. మీ బిల్డింగులో లిఫ్టెక్కి నాలుగో అంతస్తు దాకా వచ్చాను. తలుపు తెరుచుకుంది. నీ ఏడుపు వినిపించింది. పిలవనన్నవాడు ఏ మొహం పెట్టుకుని రావాలి? కాలు బయట పెట్టలేదు. తలుపు దానంతటదే మూసుకుంటే కిందికి నొక్కాను. ఇన్నాళ్ళూ ఇది ఎవరికీ చెప్పలేదు.

ఫారం జతచేశాను. ఈ నెల పదిహేనే గడువు. సంతకం పెట్టి పంపు. పోస్టులో పోతుందని భయమైతే, నేనే వచ్చి తీసుకెళ్తాను.

ఇట్లు,
మీ ఆయన

*

పిలవనని పంతం పట్టిన మా ఆయనకు,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి రాలేదు.

ముందు పన్ను సంగతి. నేను రిటైరై ఏడాదిన్నరైంది. మీకు చెప్పలేదు. చెప్పినా, మరి ఇంటికెప్పుడొస్తావని మీరు అడగరేమోనని భయం వేసింది. ఇప్పుడు జీతం నాకూ లేదు. నా పేరునా వెయ్యలేం, మీ పేరునా వెయ్యలేం. ఈ ఆవిడ అందుకు పనికిరాదని మీ గుమాస్తాగారికి చెప్పండి. ఫారం తిప్పి పంపుతున్నాను, సంతకం పెట్టలేదు.

ఇక రెండోది. మీరొచ్చారని నాకు ఆ రోజే తెలుసు. మా లిఫ్టు తలుపు అప్పటికి మూడు నెలలుగా తన్నితే గానీ మూసుకునేది కాదు. అక్కయ్యను కిందికెలా దించాలా అని అందరూ తల పట్టుకున్నారు. తీరా చూస్తే, తలుపు చక్కగా మూసుకుంది. బటన్ల పెట్టె మీద నలిగిన సోడా మూత ఒకటి పెట్టి ఉంది. తలుపు గాడిలోంచి తీసినట్టున్నారు. మీకు గుర్తు కూడా ఉండదు. విప్పినదీ తీసినదీ పైన పెట్టి మరిచిపోయే మనిషి నాకు తెలిసి ఒక్కడే. అక్కయ్య మీ చలవ వల్ల ఏ ఇబ్బందీ లేకుండా దిగింది. అంత దూరం వచ్చి, తలుపు బాగుచేసి, దిగకుండా పోయారే అని ఆ రోజు అక్కయ్య కోసం ఏడ్చినదానికన్నా మీ మీద ఎక్కువ ఏడ్చాను. ఆ మూత ఇప్పటికీ నా డబ్బాలో ఉంది.

పన్ను సాకు పోయింది. లిఫ్టు కూడా బాగానే నడుస్తోంది, అదీ సాకు కాదు.

పిలవనన్నది మీరు. నేనెప్పుడూ అలా అనలేదు. పిలుస్తున్నాను. ఈసారి నాలుగో అంతస్తులో దిగండి.

మీ మొండి మనిషి