ఫిర్మిన్ అమ్మనన్న సైకిలు

ఔడెనార్డ,
16 నవంబరు 2019,
శనివారం మధ్యాహ్నం.

ప్రియమైన బెర్తిల్‌కి,

నెల్లీ రాస్తున్న ఉత్తరం. ఏ నెల్లీ అని కవరు తిప్పి చూడకు, మీ ఆశీల్ బాబాయి దుకాణం వెనక వీధిలో ఉండే నెల్లీనే. ఎడమ మోకాలు తప్పిస్తే నేను కులాసా. ఓస్టెండ్‌లో నువ్వూ, మీ ఆయనా, పిల్లలూ బాగున్నారని మీ చెల్లెలు చెప్పింది. చిరునామా ఇచ్చింది కూడా తనే. తన మీద కోప్పడకు, మూడుసార్లు అడిగితే గానీ ఇవ్వలేదు.

నలభై అయిదేళ్ళ తర్వాత ఉత్తరం రాసేటప్పుడు ఏది ముందు రాయాలో తెలియడం లేదు. అందుకని ఊరి సంగతులు రాస్తాను. మనం పనిచేసిన నేతమిల్లును వాటాలు కట్టి అమ్మేశారు. దారం కండెలు లెక్కపెట్టుకున్న గదిలో ఇప్పుడు ఎవరో పళ్ళ డాక్టరు కాపురం ఉంటున్నాడు. రాళ్ళు పరిచిన గుట్ట దారి అలాగే ఉంది. ఎక్కడెక్కడి వాళ్ళో ఖరీదైన సైకిళ్ళతో వచ్చి, మనం ఏడ్చుకుంటూ ఎక్కిన చోట ఫొటోలు దిగుతారు. వానపడితే జారి పడతారు కూడా. మన సైకిలు పందేల క్లబ్బు మూతపడింది. మా ఆయన పోయి ఆరేళ్ళయింది. చర్చి తరఫున ఒంటరి ముసలివాళ్ళకి వేడి భోజనం పట్టుకెళ్ళి ఇస్తుంటాను. నేను మాత్రం పడుచునా అని నవ్వుతావేమో, నవ్వు.

ఆ పనిమీదే వెళ్ళి ఈ మార్చిలో ఆ సైకిలును చూశాను.

ఏ సైకిలో నీకు చెప్పనక్కరలేదు. పావురం మెడ రంగుది, మీ బాబాయి తన చేత్తో గొట్టాలు అతికి చేసినది. నాలుగేళ్ళు దాని మీద పందేలకు వెళ్ళాను, రెండు గెలిచాను. తర్వాత పెళ్ళయింది. 1979లో గెంట్ సంతలో ముక్కూమొహం తెలియని మనిషికి అమ్మేశాను. కడుపుతో ఉన్నాను, ఇంక దేనికి అని అందరితో అన్నాను.

ఆ మనిషి పేరు ఫిర్మిన్. అప్పుడు గెంట్‌లో ట్రామ్ నడిపేవాడట. రిటైరయ్యాక మన నది ఒడ్డుకే వచ్చి ఇల్లు కట్టుకున్నాడు. ఇప్పుడు ఎనభై ఒకటి. మణికట్టు విరిగి వంట చేసుకోలేకపోతే ఆయన ఇల్లు నా వంతుకు వచ్చింది. సూపు గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్ళేసరికి ఎదురుగా గోడకి రెండు కొక్కేలు, వాటి మీద అది. సూపు సగం నా చేతిమీదే ఒలికింది.

ఆ రోజే అడిగేశాను. "అది ఎంతకిస్తారు?"

"ఇవ్వను," అన్నాడు.

"నేనింకా ధర చెప్పనే లేదు."

"నేను అడగనూ లేదుగా. ఆ సూపేదో ఇటివ్వు, చల్లారిపోతోంది."

మణికట్టు అతుక్కుంది, చర్చి వాళ్ళు ఆయన పేరు కొట్టేశారు. నేను మాత్రం మానలేదు. ప్రతి శనివారం విరిగిన పాలతో చేసే తీపి టార్టులు రెండు కట్టించుకుని వెళ్ళేదాన్ని. శనివారమే ఎందుకంటే ఆయన దాన్ని గోడ మీంచి దించి తుడిచేది ఆ రోజే. చువ్వ చువ్వకూ మధ్య వేలికి గుడ్డ చుట్టి తుడుస్తాడు. చైనుకు నూనె వేస్తాడు. హ్యాండిలుకు చుట్టిన గుడ్డపట్టీ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. అది నల్లగా, మురికిగా, అంచులు పీచులు తేలి ఉంటుంది. దాన్ని ముట్టుకోడు. నేను ముట్టుకోబోతే ఒకసారి చేతిమీద చిన్న దెబ్బ వేశాడు, పిల్లని కొట్టినట్టు.

ఒక శనివారం కవరులో డబ్బు పెట్టి బల్ల మీద ఉంచాను. వేలితో నా వైపు నెట్టాడు. "దీంతో సముద్రం చూసిరా పో. మోకాలికి ఉప్పుగాలి మంచిదట," అన్నాడు. మోటారు సైకిలు, అదే బ్యాటరీతో నడిచేది, కొత్తది కొనిస్తాను, మార్చుకుందాం అన్నాను. "ఎందుకమ్మా తొందర? చక్రాల కుర్చీ దానంతటదే వస్తుందిలే," అన్నాడు. నేను కోపంతో టార్టులు తిరిగి సంచిలో పెట్టుకున్నాను. "సైకిలు అమ్మనంటే తిండి కూడా ఎత్తుకుపోతావా? ఒకటి ఉంచు," అన్నాడు. ఉంచాను.

జూన్‌లో ఆయనంతట ఆయనే పౌలా సంగతి చెప్పాడు. పౌలా ఆయన భార్య. సంతలో అది కొన్నది ఆమె కోసమే. నీలాగా నాలాగా పందేలు ఎరగదు ఆవిడ. టపా కచేరీలో గుమాస్తా. పెళ్ళయిన పదేళ్ళలో మూడు గర్భాలు పోయి, ఒక్క కొడుకు దక్కాక, ఇంట్లోంచి బయటికి రావడం మానేసిందట. డాక్టరు ఏదైనా వ్యాపకం పెట్టమంటే ఈయన ఈ సైకిలు తెచ్చి నడవలో పెట్టి ఊరుకున్నాడు. ఎక్కమని అనలేదు. ఎనిమిది రోజులు చూసిందట. తొమ్మిదో రోజు ఈయన ట్రామ్ నడుపుతుంటే పక్కన ఎవరో ఆడమనిషి పోటీగా తొక్కుతోంది. చూస్తే పౌలా. "గంట కొట్టాను. చూడలేదు. నన్ను దాటి పోయింది. ఆ రోజు ప్రయాణికులు దిగవలసిన చోట ఆపడం మర్చిపోయి తిట్లు తిన్నాను," అని చెప్పి చాలాసేపు నవ్వాడు. ఇరవై ఏడేళ్ళు తొక్కింది. ఆ పట్టీ ఆవిడ చేతుల్లో అరిగినదే.

అది విన్నాక మానుకోవలసింది. మానుకోలేదు. ఇంకా దిగజారాను. సెప్టెంబరులో, మీ తర్వాతైనా నాకు వచ్చేలా కాగితం రాయండి అని అడిగాను.

"నేను పోయాక వచ్చి అడుగు," అన్నాడు.

"పోయాక ఎలా అడగను?"

"అదే కదా హాయి."

తర్వాత నవ్వు ఆపి చెప్పాడు. అది కోడలికి వెళ్తుందట. పౌలా మంచాన ఉన్నప్పుడు కోడలి చెయ్యి పట్టుకుని ఇస్తానని మాటిచ్చింది. "మా వాడికి సైకిలుకీ గేటుకీ తేడా తెలియదు గానీ, కోడలు తొక్కుతుంది. ఇంక నీకు దారి లేదు నెల్లీ. నా మీద ఆశ పెట్టుకోకు. టార్టులు తేవాలనుంటే తే, లేకపోతే మానెయ్," అన్నాడు. చాలా మెల్లగా అన్నాడు. గట్టిగా అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని.

అయినా వెళ్ళాను. ఇంక అడగడానికి ఏమీ లేకపోయినా వెళ్ళాను. నాకు పిచ్చి పట్టిందనుకున్నాడో, జాలి వేసిందో, అక్టోబరు చివరి శనివారం తుడవడం అయ్యాక కొక్కేల మీద పెట్టలేదు. గేటు దాకా నడిపించుకొచ్చి నా చేతికిచ్చాడు. "వంతెన దాకా వెళ్ళి రా. ఒక్కసారే," అన్నాడు.

అరవై నాలుగేళ్ళ దాన్ని. కాలు పైగొట్టం మీంచి వెయ్యడానికే గేటు పట్టుకోవలసి వచ్చింది. నాలుగు తొక్కులు తడబడి, ఆ తర్వాత అది తనంతట తాను వెళ్ళిపోయింది. నీకు తెలుసు కదా, మీ బాబాయి చేసిన సైకిళ్ళు ఎలా వెళ్తాయో. నది పక్క బాట, సన్నటి తుంపర, ఎదురుగాలి. వంతెన దగ్గర ఆగాను. ఎడమకి తిరిగితే గెంట్, అక్కడి నుంచి కాలవ గట్టు పట్టుకుని పోతే మీ ఓస్టెండ్. ముసలాయన వెంటపడి పట్టుకోగలడా? నిజంగా అనుకున్నాను బెర్తిల్, ఎడమకి తిప్పేశాను కూడా. చక్రం అటు తిరిగి ఉంది, నా కాలు నేలమీద ఉంది. అప్పుడు పట్టీ మీద నా వేళ్ళు చూసుకున్నాను. పౌలా వేళ్ళ గుంటల్లో నా వేళ్ళు ఇమడలేదు. ఆవిడవి చిన్న చేతులు.

వెనక్కి వచ్చాను. ఫిర్మిన్ గేటు బయట వానలో నిలబడి ఉన్నాడు, ఇంటి చెప్పులతో, కోటు లేకుండా. జుట్టంతా తడిసి నుదుటికి అంటుకుపోయింది. "వస్తావో రావో అనుకున్నా," అన్నాడు.

ఆయన ముఖం చూశాక నాకు దాచాలనిపించలేదు. వంటింట్లో కూర్చుని, ఎందుకు కావాలో మొత్తం చెప్పాను. ఎవరికీ చెప్పని సంగతి, నలభై అయిదేళ్ళలో మొదటిసారి, ట్రామ్ నడిపిన పరాయి మనిషికి చెప్పాను. కాఫీ తాగుతూ విన్నాడు. అయ్యాక కప్పు కడిగి బోర్లించాడు. కరుగుతాడనే అనుకున్నాను. "అది నువ్వు చేసిన పని నెల్లీ. పౌలా సైకిలు పెట్టి దాన్ని కడుక్కుంటానంటే కుదరదు. నీకు నోరుంది. అది వాడు," అన్నాడు.

నా ఆలోచన ఇదీ బెర్తిల్. దాన్ని కొని, వ్యానులో ఎక్కించుకుని మీ వీధికి వచ్చి, మీ గోడకి ఆనించి, గంట కొట్టకుండా వెళ్ళిపోదామని. అదే మాట్లాడుతుంది, నేను మాట్లాడనక్కరలేదు అనుకున్నాను. ఎనిమిది నెలలు ముసలాయన చుట్టూ తిరిగింది అందుకే. అది ఇంక జరగదు.

1974 ఏప్రిల్‌లో నువ్వు క్లబ్బు వదిలేశావు. నాతో మాట మానేశావు. మీ బాబాయి గడప మళ్ళీ తొక్కలేదు, ఆయన్ని మట్టి చేసిన రోజున కూడా రాలేదు. సొంత బాబాయి మీద ఇంత పగా అని ఊరంతా నిన్నే అన్నారు. నేను కాదనలేదు. పక్కన నిలబడి తల ఊపాను.

జవాబు రాయమని అడగను. చలికాలం వచ్చింది, ఒళ్ళు జాగ్రత్త.

ఒకప్పుడు నీ చక్రం వెనకే తొక్కిన
నెల్లీ

తా. క.: ఇంత రాసీ అసలు సంగతి రాయకుండానే సంతకం పెట్టేశాను. కవరు అంటించి, చించి, మళ్ళీ కూర్చున్నాను.

ఆ సైకిలు మీ బాబాయి నీ కోసం చేశాడు. నీ కొలతలతో. ఆ చలికాలం నువ్వు కామెర్లతో మీ మేనత్త వాళ్ళింట్లో సముద్రం ఒడ్డున ఉన్నావు. ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం నేను దుకాణానికి వెళ్ళి ఆయనతో, "బెర్తిల్ ఇంక పందేలు మానేస్తుందట. మీతో అనడానికి సిగ్గుపడుతోంది. మీరు అడక్కండి, ఏడుస్తుంది," అన్నాను. నువ్వు నాతో అలాంటి మాట ఎప్పుడూ అనలేదు. నాకు ఆ సైకిలు కావాలి, అంతే. ఆయన ఆకురాయి కింద పెట్టి, చేతులు తుడుచుకుని, "నీకు సరిపోతుందా ఇది?" అని అడిగాడు. సరిపోతుందన్నాను. ఎప్పుడూ సరిపోలేదు. నీ చేతులు నాకంటే పొడుగు.

ఏప్రిల్‌లో నువ్వు వచ్చి, నన్ను దాని మీద చూసి, ఒక్క మాట అడగకుండా వెనక్కి తిరిగావు. ఆయన దుకాణం గుమ్మంలోంచి అది చూశాడు. నేను చెప్పింది నిజమే అనుకున్నాడు. జబ్బు చేస్తే బాబాయి నీ సైకిలు ఇంకొకరికి ఇచ్చేశాడని నువ్వనుకున్నావు. మీ ఇద్దరివీ ఒకే మొండి నోళ్ళు, అడగవు. నేను అది తెలిసే చేశాను.

పెడళ్ళ ఇరుసు కింద బి, వి అని నీ పేరు, ఇంటిపేరు మొదటి అక్షరాలు మీ బాబాయి అప్పటికే కొట్టి ఉంచాడు. నేను వాటి మీద పట్టీ అంటించి తొక్కాను. ఇప్పటికీ ఉన్నాయి. నువ్వు వస్తే సైకిలు తలకిందులు చేసి చూపిస్తానని ఫిర్మిన్ అన్నాడు. నీకు కూడా అమ్మనని చెప్పమన్నాడు.

1988లో ఆసుపత్రిలో ఆఖరి వారం మీ బాబాయి దగ్గర నేనే ఉన్నాను. గ్లాసులో నీళ్ళు పోస్తుంటే, బెర్తిల్ ఎందుకు రాదు అని అడిగాడు. తెలియదన్నాను. వినపడలేదేమోనని మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే చెప్పాను.